ఏడో పాటకి నాలుగున్నర నక్షత్రాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ప్రపంచంలో ఒక్కటీ లేదు. ఇరవై మూడేళ్ళ వయసు, బెంగాల్లో కంప్యూటర్ ఆఫీసుల పేట సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో ఉద్యోగం (ఉద్యోగమంటే పెద్దగా ఏమీ ఊహించుకోకండి, ఎక్కడో దూరదేశపు బీమా కాగితాల్లో పేర్లు చూసి కంప్యూటర్లో కొట్టడం), మెడలో ఆఫీసు కార్డు, చెవుల్లో హెడ్‌ఫోన్లు, నోటినిండా అభిప్రాయాలు. ఏ ఆల్బమ్ గొప్పది, ఏది చెత్త, ఏ పాటలో గిటారు అరనిమిషం ముందే ఆగిపోవాల్సింది, ఏ విమర్శకుడికి చెవులు పూడుకుపోయాయి, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఎవరూ లేపి అడగలేదనుకోండి, అది వేరే సంగతి. ఇప్పుడు మా అమ్మాయి పాట నచ్చితే ఫోన్లో ఒక బొమ్మ నొక్కి ఊరుకుంటుంది. మేం అలా కాదు. ఒక పాటకి మూడున్నర నక్షత్రాలా, నాలుగా అన్నదాని మీద వరసగా మూడు శనివారాలు కొట్టుకున్న మనుషులం.

మేం కొట్టుకున్నది ఒక బెంగాలీ రాక్ బ్యాండు గురించి. దాని పేరు చెప్పను. వాళ్ళలో ఒకాయన ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు, ఇంకొకాయనకి తన పాత జుట్టు గురించి ఎవరైనా మాట్లాడితే కోపం. అప్పటికి వాళ్ళవి మూడు ఆల్బమ్‌లు. మొదటిది గ్యారేజీలో రికార్డు చేసినట్టు గరగరలాడేది. రెండోది శుభ్రంగా ఇస్త్రీ చేసినట్టు ఉండేది. మూడోది రెండు డిస్కుల పొడుగు. దానికి ఒక పెద్ద పేపరు విమర్శకుడు రెండే నక్షత్రాలిచ్చి, 'ఒక డిస్కు ఎక్కువైంది' అని రాశాడు. ఆ మాట మీద మా అడ్డాలో జరిగినంత రభస ఆ బ్యాండు వాళ్ళ ఇళ్ళలో కూడా జరిగి ఉండదు.

అడ్డా అంటే ఇక్కడ చాయ్ గ్లాసు అడ్డం పెట్టుకుని గంటలకొద్దీ సాగదీసే కబుర్లు. మాది ఆఫీసు బస్సులు ఆగేచోట ఒక చాయ్ దుకాణం, దాని ముందు ఒక బెంచీ. బెంచీకి నలుగురు పడతారు. పెద్దదిక్కు రేటింగ్ దా (దా అంటే ఇక్కడ అన్న, దీ అంటే అక్క). నలభై దాటిన మనిషి, కాలేజీలో లెక్కలు చెప్తాడు, ఏడాదికి రెండుసార్లు జిరాక్సు కాగితాలు కుట్టి పాటల పత్రిక ఒకటి తెస్తాడు. ఆయన పక్కన ఫస్ట్ ఆల్బమ్ దా. మొదటి ఆల్బమ్ తర్వాత ఈ బ్యాండే కాదు, సంగీతమే చచ్చిపోయిందని ఆయన నమ్మకం. మూడోది హాఫ్ దీ. ఒక బ్యాంకులో ఆఫీసరు. ఎంత నచ్చిన పాటకైనా చివర్లో అర నక్షత్రం కోస్తుంది. "ఐదుకి ఐదిస్తే వాళ్ళు రేపు ఎందుకు కష్టపడతారు?" అనేది. నాలుగో చోటు ఖాళీ. నేను నిలబడేవాణ్ణి.

ఎందుకు నిలబడాలంటే, ఆ బెంచీకి ఒక రూలుంది. ఎవరైనా ఒక పాట పేరెత్తినప్పుడు 'వినలేదు' అన్నవాడు లేచి నిలబడాలి. మళ్ళీ మిగతావాళ్ళంతా ఒప్పుకునే మాట ఒకటి చెప్పేదాకా కూర్చోకూడదు. వినే చెవి ఉన్నవాడికే బెంచీ అని రేటింగ్ దా పెట్టిన కట్టడి. నేను చేరిన మొదటిరోజు అమాయకంగా మూడు పాటలకి వినలేదని చెప్పాను. ఆ నిలబడటం ఎనిమిది నెలలు నిలబడ్డాను. నన్ను వాళ్ళు 'సౌత్' అనేవారు. "ఏయ్ సౌత్, మీవాళ్ళకి గొప్ప తాళజ్ఞానం అంటారు కదా, ఈ పాటలో డ్రమ్స్ ఎలా ఉన్నాయి?" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా వాళ్ళే జవాబు చెప్పుకునేవారు. టికియాపారా రైల్వే క్వార్టర్లలో పుట్టి, వీధిలో బెంగాలీ, బళ్ళో హిందీ, ఇంట్లో శ్రీకాకుళం మాట మాట్లాడుతూ పెరిగినవాణ్ణి నేను. ఏ గుంపులోకి వెళ్ళినా సగం మనిషినే. ఈ బెంచీ మీద మాత్రం పూర్తి మనిషిగా కూర్చోవాలని ఎందుకో పట్టుదల వచ్చేసింది. నవ్వుకుంటే నవ్వుకోండి, అప్పటికి నా జీవితాశయం ఆ జానెడు చెక్క.

అలాంటి సమయంలో నాలుగో ఆల్బమ్ వచ్చింది. మొదటిరోజే వినాలి, మొదటి శనివారమే మాట్లాడాలి. నా ఫోన్లో మెమరీ కార్డు నిండిపోయింది. నాన్న ఫోన్లోది లాక్కుని (ఆయన ఫోన్ మాట్లాడటానికే వాడతాడు, కార్డుతో ఏం పని అని నా తీర్మానం), స్టేషన్ పక్కన పాటలెక్కించే దుకాణానికి వెళ్ళాను. దొంగ పాటలే, ఒప్పుకుంటున్నాను. ఆ దుకాణం ఆయనకి ఒక పద్ధతి ఉంది. కొత్త పాటలు వేసి, కార్డులో అప్పటికే ఉన్నవాటిని కూడా అదే ఫోల్డర్లోకి నెట్టేసి, వరసగా నంబర్లు కొట్టేస్తాడు. పేర్లుంటే జనం వెతుక్కుంటూ దుకాణం ముందు నిలబడిపోతారని ఆయన బాధ. అలా నాకు ఏడు పాటల ఆల్బమ్ చేతికొచ్చింది.

మొదటి ఆరూ బాగానే ఉన్నాయి. ఏడోది వినేసరికి ఆఫీసు బస్సులో నా ఒళ్ళు జలదరించింది. అందులో పాటే లేదు. ఒక హార్మోనియం ఏదో వెతుకుతున్నట్టు రెండు మెట్లు నొక్కి ఆగుతుంది. ఒక ఢోలక్ నాలుగు దెబ్బలు కొట్టి, సందేహించి, మళ్ళీ కొడుతుంది. దూరంగా గూడ్సుబండి పోతుంది. తాళం ఆ బండి చప్పుడుతో కలవబోయి కలవదు. నాలుగో నిమిషం దాటాక అన్నీ ఆగిపోతాయి. ఎవరో దగ్గుతారు. ఒక పొడుగు దగ్గు, కాస్త ఆగి, రెండు పొట్టి దగ్గులు. అంతే, అయిపోతుంది. ఓరి నాయనో, ఇంత ధైర్యమా అనుకున్నాను. నగరం గురించి ఆరు పాటలు పాడి, ఏడోదాంట్లో నగరాన్నే మాట్లాడనిచ్చారే అనుకున్నాను. సెక్టార్ ఫైవ్ వచ్చినా దిగకుండా బస్సు డిపోదాకా పోయాను.

శనివారం బెంచీ ముందు నిలబడి అందరికంటే ముందు నేనే నోరు విప్పాను. "అన్నీ సరే, ఏడో పాట సంగతేంటి?" అన్నాను. రేటింగ్ దా గ్లాసులోకి చూశాడు. ఫస్ట్ ఆల్బమ్ దా ఆకాశంలోకి చూశాడు. హాఫ్ దీ నా వైపే చూసింది. ఇప్పుడైతే ఆ చూపుల అర్థం నాకు పూసగుచ్చినట్టు తెలుసు. వినలేదంటే లేచి నిలబడాలి కదా.

"ఆ ఏడోదా," అన్నాడు చివరికి రేటింగ్ దా, నెమ్మదిగా. "డిస్కు చివర్లో దాచిపెట్టారు. అందరికీ దొరకదు. నేను దాని గురించి కావాలనే ఎత్తలేదు, ఎవరు కనిపెడతారో చూద్దామని."

"మొదటి ఆల్బమ్ రోజుల్లో అయితే దాన్ని దాచేవాళ్ళు కాదు, ముందే పెట్టేవాళ్ళు," అన్నాడు ఫస్ట్ ఆల్బమ్ దా. "అయినా బాగుంది. వాళ్ళు మళ్ళీ మనుషులవుతున్నారు."

"ఆ దగ్గు?" అన్నాను నేను.

"ఆ దగ్గు దగ్గరే నేను అర నక్షత్రం కోశాను," అంది హాఫ్ దీ. "కాస్త ఎక్కువైంది."

ఆ మాటతో వాళ్ళిద్దరూ ఆమె మీద పడ్డారు. దగ్గు లేకపోతే ఆ పాటకి ప్రాణమే లేదని రేటింగ్ దా వాదించాడు. అరగంట గడిచాక జరిగి చోటిచ్చి, "కూర్చో సౌత్, నీకు చెవి ఉంది," అన్నాడు. కూర్చున్నాను. ఆ బెంచీ కాళ్ళలో ఒకటి పొట్టి, కూర్చుంటే ఊగుతుంది. ఎనిమిది నెలలు ఎదురుగా నిలబడి చూసినా నాకు ఆ సంగతి తెలియనే లేదు.

తర్వాత రేటింగ్ దా పత్రికలో నా వ్యాసం పడింది. ఆరు పాటలకీ కలిపి ఒక పేరా, ఏడో పాటకి రెండు పేజీలు. నాలుగున్నర నక్షత్రాలు. (అర నక్షత్రం హాఫ్ దీ మాట కోసం కోశాను.) 'ఈ దగ్గులో ఒక నగరపు అలసట అంతా ఉంది. ఇది గొంతులోంచి కాదు, చరిత్రలోంచి వస్తున్న దగ్గు' అని బెంగాలీలో రాశాను. ఇప్పుడు ఆ వాక్యం తలుచుకుంటే ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మొహం తుడుచుకుంటాను. ఆ పత్రిక ఎలా చేరిందో బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడికి చేరింది. వచ్చే శనివారం మీ బెంచీ దగ్గరికి వస్తాను, ఇది రాసిన మనిషిని చూడాలి అని కబురు పంపాడు. వారం రోజులు నేను నేలమీద నడిస్తే ఒట్టు.

బుధవారం పొద్దున్న హెడ్‌ఫోన్లలో ఒక చెవి పనిచేయడం మానేసింది. చేసేదేం లేక వాటిని మంచం మీద పడేసి వరండాలో కూర్చుని ఇడ్లీ తింటున్నాను. నాన్న డ్యూటీకి బయల్దేరుతూ మెట్టు మీద కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాడు. రైలుపెట్టెలు బాగుచేసే క్యారేజీ షెడ్డులో ఆయన ఫిట్టరు. వంగినవాడు వంగినట్టే దగ్గాడు. ఒక పొడుగు దగ్గు. కాస్త ఆగి, రెండు పొట్టి దగ్గులు.

ఇడ్లీ నా చేతిలోనే ఉండిపోయింది. లోపలికి పరిగెత్తి చెల్లిని అడిగాను. అది జడ వేసుకుంటూ చాలా మామూలుగా చెప్పింది. "నాన్నా వాళ్ళ భజనబ్యాచిది నేనే రికార్డు చేశానన్నయ్యా, నాన్న ఫోన్లో. ఆ కార్డు నువ్వే పట్టుకుపోయావు కదా. మంచిగా అవలేదు, డిలీట్ చేసెయ్." మా క్వార్టర్ల వెనక రైల్వేవాళ్ళు ఆదివారం భజన చేస్తారు. నాన్నే ఢోలక్. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ జరుగుతోంది. చివరిసారి ఎప్పుడు వెళ్ళానో గుర్తులేదు.

గురువారం రేటింగ్ దాకి ఫోన్ చేశాను. నిజం చెప్పేస్తే బెంచీ పోతుంది, చెప్పకపోతే శనివారం ఆ డ్రమ్మరే చెప్తాడు, అప్పుడు బెంచీతోపాటు పరువూ పోతుంది. "దా, ఆ ఏడో పాట..." అన్నాను. "దాని గురించి ఇంకొక్క మాట మాట్లాడకు," అన్నాడాయన. "నేనూ దాని మీదే రాస్తున్నాను. పన్నెండు పేజీలు అయింది." ఫోన్ పెట్టేశాను. పన్నెండు పేజీల మనిషికి ఏం చెప్తాం చెప్పండి.

శనివారం డ్రమ్మరు వచ్చాడు. సన్నగా, చేతిలో హెల్మెట్‌తో, మర్యాదస్తుడిలా ఉన్నాడు. రేటింగ్ దా సంతకం కోసం నాలుగో ఆల్బమ్ డిస్కు తెచ్చి అందించాడు. డ్రమ్మరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దానిమీద ప్లాస్టిక్ కాగితం ఇంకా చింపనే లేదు. ఆయన ప్లాస్టిక్ మీదే సంతకం పెట్టి ఇచ్చి, నా వైపు తిరిగాడు.

"వ్యాసం చాలా బాగుంది. కానీ దాదా, మేం చేసినవి ఆరే పాటలు. ఆ ఏడోది నాకోసారి వినిపిస్తావా?"

నేను హెడ్‌ఫోన్ల బాగున్న చెవి ఆయనకిచ్చి నొక్కాను. ఆయన నిలబడే విన్నాడు. చివరిదాకా విన్నాడు. "మళ్ళీ పెట్టు," అన్నాడు. రెండోసారి కళ్ళు మూసుకుని, హెల్మెట్ మీద వేళ్ళు ఆడిస్తూ విన్నాడు. ఆ పదినిమిషాలూ నేను ఎన్ని అబద్ధాలు తయారుచేసుకున్నానో లెక్కలేదు. దుకాణం ఆయన మీదికి తోసెయ్యొచ్చు. ఎవరిదో తెలియదనొచ్చు.

"ఢోలక్ ఎవరు?" అన్నాడు.

"మా నాన్న," అన్నాను. అలా ఎలా వచ్చేసిందో నాకు తెలియదు.

"ఆ దగ్గు?"

"అదీ మా నాన్నదే."

డ్రమ్మరు నవ్వలేదు. "నాకు మొదటి నుంచీ అనుమానంగానే ఉంది," అన్నాడు రేటింగ్ దా. అప్పుడు హాఫ్ దీ చాయ్ గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడింది. "నేను వినలేదు," అంది. అంత ధైర్యం ఆ బెంచీ మీద నేను మళ్ళీ చూడలేదు. తర్వాత ఫస్ట్ ఆల్బమ్ దా లేచాడు. చివరికి రేటింగ్ దా కూడా, డిస్కు జేబులో దాచుకుంటూ. నేను అప్పటికే నిలబడి ఉన్నాను. ఈ రూలు సంగతి తెలియని డ్రమ్మరు, తనకోసమే చోటిచ్చారనుకుని, థాంక్స్ చెప్పి బెంచీ మధ్యలో హాయిగా కూర్చున్నాడు. "రేపు మీ నాన్నగారి దగ్గరికి తీసుకెళ్తావా?" అన్నాడు.

ఆదివారం పొద్దున్న నలుగురూ టికియాపారా వచ్చారు. అమ్మ ఉన్న కుర్చీలన్నీ వరండాలో వేసి, పక్కింటి నుంచి రెండు తెప్పించింది. నాన్న లుంగీ మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆయన మొహంలో సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కనిపించింది. కొడుకు ఆఫీసులో ఏదో చేసొచ్చాడు, పెద్దమనుషులు ఇంటిమీదికొచ్చారు అని ఆయన లెక్క. డ్రమ్మరు హిందీలో విషయం చెప్పాడు.

"అది పాటేటి బాబూ," అన్నాడు నాన్న నాతో తెలుగులో. "శ్రుతి కుదరక ఆపీసినాం. అసలు భజన అప్పటికింకా మొదలెట్టనేదు. ఇంతకీ దాని మీద నువ్వేటి రాసినావు? సదువు, ఇందాం."

హాఫ్ దీ సంచీలోంచి పత్రిక తీసి నా చేతికిచ్చింది. అంతమంది ముందు నేను రాసిన బెంగాలీని నాన్నకి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. బెంగాలీలో అంత గంభీరంగా ఉన్నవి తెలుగులోకి వచ్చేసరికి ఒక్కొక్కటీ చొక్కా విప్పుకుని నిలబడుతున్నాయి. సందేహించే ఢోలక్ అన్నచోట నాన్న "సందేగం గాదురా, పక్కోడు బీడీ ముట్టించుకుంతన్నాడు," అన్నాడు. మెల్లగా దగ్గు దగ్గరికి వచ్చాను. ఆ దగ్గులో నగరం అలసట అంతా ఉందని రాశాను నాన్నా, అన్నాను.

నాన్న నావైపు కాస్త జాలిగా చూశాడు. "నగరం అలుపేటిరా, నీ మొగం. అది బ్రేకు బ్లాకుల దుమ్ము. పొద్దుటేల ఎక్కువుంటాది," అన్నాడు.

అందరూ నా మొహం చూస్తున్నారు, ఆయన ఏమన్నాడో చెప్పమని. నేను చెప్పాను. ఎవరూ నవ్వలేదు. డ్రమ్మరు వెంటనే ఢోలక్ అడిగి తీసుకుని వాయించడం మొదలుపెట్టాడు కాబట్టి సరిపోయింది. నాన్న ముందు ఒక చెవి, తర్వాత రెండు చెవులూ పెట్టి విన్నాడు. "గుంటడు బాగానే కొడతన్నాడు గానీ బేగి బేగి ఎల్లిపోతన్నాడు. ఆగమను," అన్నాడు. నేను తర్జుమా చేస్తే డ్రమ్మరు ఆగి, మొదటి నుంచి మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఇద్దరూ అదే పని. రేటింగ్ దా మా గడప దగ్గరే నిలబడి విన్నాడు. అమ్మ ఎంత బతిమాలినా కుర్చీలో కూర్చోలేదు. ఆయనకి నడుం నొప్పేమోనని అమ్మ చాలారోజులు అడుగుతూనే ఉంది.

తర్వాతి శనివారం నేను బెంచీ దగ్గరికి పోలేదు. నాన్నని రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రానన్నాడు, గొడవపెట్టి తీసుకెళ్ళాను. డాక్టరు ఆయన వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఇక్కడ ఊపిరి తీసుకో, ఇప్పుడు వదులు, మళ్ళీ, అంటూ. అంత శ్రద్ధగా వినే మనిషిని నేను మా బెంచీ మీద చూడలేదు. విన్నాక కాగితం మీద రాసుకుంటూ నన్నే అడిగాడు, చదువుకున్నవాణ్ణి కదా అని. "ఈ దగ్గు ఎన్నేళ్ళ నుంచి ఉంది?"

నేను నోరు తెరిచాను. ఐదేళ్ళా, పదేళ్ళా, నేను బళ్ళో ఉన్నప్పుడే ఉండేదా? ఎంత గింజుకున్నా తెలియలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. నాన్నకి నా అవస్థ అర్థమైంది కాబోలు, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ తన రైల్వే హిందీలో నన్ను వెనకేసుకొచ్చాడు. "వాడికేం తెలుస్తుంది డాక్టరు సాబ్, వాడు ఇంట్లో ఉన్నంతసేపూ పాటలు వింటూ ఉంటాడు," అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు. కొడుక్కి సంగీతమంటే ఎంత ఇష్టమో గొప్పగా చెప్పుకున్నాడు.

ఆ మందులతో దగ్గు చాలావరకు తగ్గింది. నాన్న రిటైరయ్యాడు, ఢోలక్ మానలేదు. ఆ గదిలో ఆయన పక్కన నిలబడ్డ ఇరవై మూడేళ్ళ కుర్రాడు నాకిప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. బ్యాండు నాలుగు ఆల్బమ్‌లూ కంఠతా వచ్చినవాడు, జేబులో పెన్ను పెట్టుకుని, డాక్టరు అడిగిన ఒక్క ప్రశ్నకి తెల్లమొహం వేసుకుని నిలబడ్డవాడు. వాణ్ణి రెండు తిట్టాలనిపిస్తుంది గానీ, నవ్వొచ్చేస్తుంది.